దీర్ఘానికీ ఏత్వానికీ మధ్య

రావులపాలెంలో మాదో చిన్న ప్రెస్సు.
శుభలేఖలు, అరటి మండీ చీటీలు,
లారీ ఆఫీసు బిల్లు పుస్తకాలు.

రాఘవమ్మ మొదటిసారి వచ్చింది తొంభై నాలుగు వేసవిలో,
ఆత్రేయపురం నుంచి, కొంగున మామిడి రసం మరకతో.
సంచిలోంచి తాండ్ర ముక్క తీసి
వెనక్కి తిప్పి బల్ల మీద పెట్టింది.
దాని వీపు మీద ఈతచాప అల్లిక అచ్చుపడి ఉంది:
ఒక పాయ పైకి, ఒక పాయ కిందికి.
"ఇదే బొమ్మెయ్యండి.
మా తాండ్ర మీద మా చాపే సంతకం పెడద్ది."

చాప గుర్తు తాండ్ర.
వెయ్యి లేబుళ్ళు, రెండు రంగులు, నూట ఎనభై రూపాయలు.
అందులో ఇరవై బాకీ.
ఆ ఇరవైకీ ఇప్పటిదాకా తాండ్ర తింటూనే ఉన్నాను.

ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత
ఒక కుర్రాడు పెన్ డ్రైవ్ పట్టుకొచ్చాడు.
అదే పసుపు, అదే ఎర్ర గీత, అదే అల్లిక.
చకారానికి దీర్ఘం తీసి ఏత్వం పెట్టాడంతే.
చేప గుర్తు తాండ్ర.
మూల ఒక చేప, నలుసంత.
"మామిడిపండులో చేపేంటి బాబూ?"
"పులసకున్న గిరాకీ దేనికుందండీ!"
ఇద్దరం నవ్వుకున్నాం.
అడ్వాన్సు లెక్కపెట్టుకున్నాను.
ఇరవై వేలు, తెల్లవార్లూ.
మిషనుకి అక్షరాలు రావు.
నాకొచ్చు.

ఏడాది తిరక్కుండా రాఘవమ్మ వచ్చింది,
రెండు చేతుల్లో రెండు పొట్లాలు.
ఒకటి తనది.
ఇంకోటి హైవే మీద బస్సాగే చోట కొన్నది,
గుమ్మడి గుజ్జు, పంచదార, నాలిక్కి అంటే రంగు.
"బాగోలేదని జనం నన్ను తిడుతున్నారండి.
నా చాప మీద ఈ చేప నెవడు ఎండబెట్టాడు?"
నేను సిరా డబ్బా మూత బిగించాను,
బిగిసిన మూతనే మళ్ళీ.

రాజమండ్రిలో ప్లీడరు హైమావతిగారి దగ్గరికి
ఇద్దరం వెళ్ళాం. ఎందుకు తోడెళ్ళానో
దారి పొడుగునా చెప్పలేదు.
"తాండ్ర అన్న మాట నీది కాదమ్మా, ఊరందరిదీ.
గోదావరీ నీది కాదు. ఆ పసుపు మామిడిది.
జనం నిన్ను వెతుక్కునే గుర్తు ఒక్కటే నీది."
"పంచాయతీ లైసెన్సుందండి."
"అది కొట్టు తెరవడానికి. పేరుకి కాపలా కాయదు."

నాలుగు వేల ఐదొందలు కట్టి దరఖాస్తు పెట్టాం.
చెన్నై నుంచి అభ్యంతరం వచ్చింది:
చాప మీద ఎండేసే సరుక్కి
చాప పేరు నీ ఒక్కదానికెందుకు?
ఎన్నాళ్ళుగా వాడుతున్నావు? రుజువేది?

ఆమె రుజువులు వరదకి అటక మీదే నానిపోయాయి.
ప్లీడరుగారు నా వైపు చూశారు.
"మీ బిల్లు పుస్తకాలుంటాయి కదండీ?"

ఉన్నాయి.
పదిహేడో పుస్తకం, నీలం కార్బన్ కింద
నా పాతికేళ్ళ నాటి చేతిరాత:
చాప గుర్తు, 1000, బాకీ 20.
రెండొందల పన్నెండో పుస్తకం కూడా ఉంది.
దాన్లో దీర్ఘం లేదు.

చింపడం తేలికే.
నంబర్ల వరసలోనే ఖాళీ కనబడిపోద్ది.
అయినా అందుకు కాదు నేను చింపనిది
అని చెప్పుకోవాలనుంది.
రెండూ తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను.
రాఘవమ్మ రెండో బిల్లు చదివింది, వేలు పెట్టి, నిదానంగా.
ఏమీ అన్లేదు.
"ఆ ఇరవై ఇప్పుడు తీసుకోండి," అంది.
నోటు బల్ల మీదే ఉండిపోయింది, ఫ్యాను గాలికి కదుల్తూ.

ఇంకా రాలేదు రిజిస్ట్రేషను.
పత్రికలో వెయ్యాలంట, నాలుగు నెలలాగాలంట
కాదనేవాళ్ళ కోసం.
సున్నా చుట్టిన ఆర్ అప్పుడే వెయ్యకూడదు.
పేరు పక్కన టి.ఎం. అని చిన్నగా వేస్తున్నాను
ఆమె లేబుళ్ళ మీద. అవును, నా దగ్గరే వేయిస్తోంది.
ప్రూఫు మాత్రం తనే దిద్దుకుంటోంది.

ఇప్పుడెవరు డిజైను తెచ్చినా
ముందు అడుగుతున్నాను:
"ఈ పేరెవరిదండీ?"
సగం మంది మళ్ళొస్తామని వెళ్తారు.
కరెంటు బిల్లు తగ్గింది.